కినుయే వేసిన జారుముడి

గడ్డిచాపలల్లే తకుబో ఆ రోజు వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"నీ నీళ్లే! నువ్వు చల్లిన నీళ్లే! ఆరు చాపలు, ఆరింటికీ అంచులు చెమ్మగిల్లిపోయాయి. ఇప్పుడు వీటిని ఎవరింట్లో పరవమంటావు? నీ ఇంట్లోనా?"

మూలమీది మిఠాయికొట్టు కినుయే ఒక చేత్తో బాల్చీ, ఇంకో చేత్తో చెక్క ముంత పట్టుకుని వాకిట్లో నీళ్లు చల్లుతోంది. మా వీధిలో ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకుని, పక్కవాడి హద్దులోకి జానెడు మాత్రం ఊడుస్తాం. అంతకన్నా తక్కువైతే పిసినారితనం, ఎక్కువైతే పక్కింటివాడు బద్ధకస్తుడని చాటింపు వేసినట్టు. కినుయే ఆ జానెడు దాటే మనిషి కాదు. పైగా ముందు రాత్రంతా వాన కురిసిందని పసిపిల్లలకి కూడా తెలుసు. మా మత్సుయే ఊళ్లో అన్నం డబ్బా మరిచిపోయినా ఫరవాలేదు గాని గొడుగు మరిచిపోకూడదు. చాపలు చూరు కింద వదిలేసి వెళ్లి పడుకున్నది తకుబో. తడిపింది వాన. తిట్లు కినుయేకి.

నేనైతే ఆ బాల్చీ వాడి నెత్తిన బోర్లించేదాన్ని. కినుయే మాత్రం బాల్చీ కింద పెట్టి, చేతులు తొడల మీద ఆనించి, నడుము విరిగిందా అన్నట్టు వంగింది.

"తప్పంతా నాదే, తకుబోగారూ. మీకు మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు."

తకుబో చాపలు చుట్టుకుని లోపలికి పోయాడు. ఎదుటి మనిషి తిరగబడితే తిట్టడం తేలిక. వంగిన వీపుని ఏమని తిడతాడు?

మర్నాడు పొద్దున్నే కినుయే బట్టలో చుట్టిన మిఠాయి పెట్టె పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడి మళ్లీ వంగింది. ఇచ్చింది పుచ్చుకుని ఊరుకుంటే ఈ దేశంలో మనిషి కింద లెక్క కాదు గనక తకుబో పెళ్లాం ముల్లంగి దుంపలు తెచ్చి ఇచ్చింది. ఆ ముల్లంగికి కినుయే ఇంకో పెట్టె పంపింది. దానికి వాళ్లు ఎండు చేపలు పంపారు. చేపలకి కినుయే ఇంకాస్త పెద్ద పెట్టె. నాలుగో పెట్టె వెళ్లిన రోజు తకుబోనే మూలకొట్టుకి వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"అమ్మా, కినుయేగారూ, అది వాన. మీ నీళ్లు కాదు. బుద్ధి తక్కువై అరిచాను. ఇంక పంపకండి. మా ఇంట్లో పిల్లలకి కూడా తీపంటే వెగటు పుట్టింది."

"అయ్యయ్యో, మీరు తప్పంటే నేనెక్కడికి పోను..." అంటూ కినుయే మళ్లీ వంగబోతే, వాడు ఇంట్లో ఏదో కాలిపోతున్నట్టు పరిగెత్తాడు.

ఎదురుగా నా ఊరగాయల కొట్టులో కూర్చుని ముల్లంగి కడుగుతూ ఇదంతా కళ్లారా చూశాను. వంగి గెలిచే మనిషిని చూడటం అదే మొదటిసారి. తకుబో అప్పటినుంచి ఆమెకి కట్టుబానిస. వారానికోసారి వచ్చి కొట్టు బల్ల మీద మోచేతులు ఆనించి టీ తాగి వెళ్తాడు.

కినుయేకి ఇప్పుడు డెబ్బై ఆరు. పుట్టింది మా సరస్సు ఒడ్డునే. తండ్రి పొడుగు కర్రకి కట్టిన ఇనప బుట్టతో సరస్సు అడుగున ఆల్చిప్పలు దేవేవాడు. ఆమెకి పద్నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. చెల్లెలు సాయోకి అప్పుడు అయిదు. ఆ పిల్లని వీపున కట్టుకునే కినుయే ఆల్చిప్పలు ఏరింది, అన్నం వండింది, సందులమ్మట తిరిగి అమ్మింది. పదహారేళ్లకి మిఠాయికొట్టులో పనికి కుదిరి, ఇంకో పదేళ్లకి ఆ కొట్టు రెండో కొడుకు ర్యోహేని పెళ్లాడింది. ర్యోహే రోజుకి మూడు మాటలు మాట్లాడే మనిషి. వెనక గదిలో ఎర్రబొబ్బర్ల ముద్దని పాకంలో నాలుగు గంటలు కలిపి, అచ్చుల్లో ఇటుకల్లా పోస్తాడు. అదే యోకాన్. తీపీ ఎక్కువే, బరువూ ఎక్కువే.

ఆ బరువుకే పేరు. మా ఊళ్లో ఎవరు ఏ తప్పు చేసినా, వెళ్లి క్షమించమని అడగాలంటే మూలకొట్టు యోకాన్ చేతిలో ఉండాల్సిందే. "చేతికి బరువు తెలిస్తే మనసుకి తెలుస్తుంది" అంటుంది కినుయే. జనం మిఠాయి కోసమే రారు, అడగడానికి వస్తారు. చావుకి ఏ రంగు తాడు కట్టాలి, పురిటికి ఏది, ఇల్లు మారితే ఎన్ని ఇళ్లకి పంచాలి, గుమ్మంలో ఎన్నిసార్లు వంగాలి, ఇవన్నీ బడిలో చెప్పరు. అమ్మలు మరిచిపోయారు. కినుయే మరిచిపోలేదు.

పోయిన ఏడు ఒక కొత్త కోడలు ఏడుపు మొహంతో వచ్చింది. బట్టల మిషన్ పొంగి, కింద వాటావాళ్ల కప్పులోంచి నీళ్లు కారాయట.

"కింద ఎంతమంది?" అంది కినుయే.

"నలుగురండీ."

"అయితే ఆరు ముక్కల పెట్టె."

"నలుగురికి నాలుగు చాలవా?"

"నాలుగిస్తావా? మన భాషలో నాలుగూ చావూ ఒకే పలుకు. వాళ్లింట్లో ఎవరన్నా పోవాలని కోరుకుంటున్నావనుకుంటారే పిచ్చిదానా! ఆరు."

"వాళ్లు వద్దంటే?"

"అంటారు. ఒకసారి అంటారు, రెండోసారీ అంటారు. మూడోసారి పుచ్చుకుంటారు. మూడోసారి కూడా వద్దంటే, అప్పుడు ఇల్లు ఖాళీ చేసే సంగతి చూసుకో."

ఆ పిల్ల నవ్వలేక ఏడవలేక నిలబడింది. "సంచితోనే ఇచ్చేయొచ్చా పెద్దమ్మా?"

"సంచి నీది, పెట్టె వాళ్లది. సంచిలోంచి తియ్యి, రాత వాళ్లవైపు తిప్పు, రెండు చేతులతో ఇయ్యి. 'పనికిరాని వస్తువే గానీ' అను."

అప్పుడు వెనక గదిలోంచి ర్యోహే గొంతు వినపడింది. "నాలుగు గంటలు కలిపింది పనికిరానిదా?" ఆ ఏడాది మొత్తం మీద ఆయన మాట్లాడిన పొడుగాటి మాట అదే.

"ఆయన్ని పట్టించుకోకు. తీసుకుని వెళ్లు. ముందు వంగు, మాట దానంతట అదే వస్తుంది."

ఇలా ఊరందరి చేతా తప్పు ఒప్పించే మనిషి, సొంత చెల్లెలి దగ్గర మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒప్పుకోలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

అది సాయో పెళ్లి నాటి సంగతి. శుభానికి ఇచ్చే కానుక ఏదైనా ఎరుపు తెలుపు కాగితపు తాడుతో కడతాం గదా. బిడ్డ పుట్టినా బడిలో చేరినా, మళ్లీ మళ్లీ జరిగితే సంతోషించేవాటికి రెండు చెవుల జారుముడి. కొస పట్టి లాగితే విడిపోతుంది, మళ్లీ కట్టుకోవచ్చు. పెళ్లికి మాత్రం పీటముడి. విప్పుదామన్నా రాకూడదు. తాడు ముట్టిన ప్రతివాళ్లకీ ఇది తెలుసు. మా దిక్కున మరీను. ఏటా పదోనెలలో దేశంలోని దేవుళ్లంతా మా పక్కన ఇజుమో గుడికి వచ్చి కూచుని, ఎవరిని ఎవరితో ముడెయ్యాలా అని మాట్లాడుకుని పోతారు. ముళ్ల సంగతి మాకు ఒకరు చెప్పాలా?

సరిగ్గా పెళ్లికి ముందు రోజు, ఒక పెద్దింట్లో మనవడు పుట్టాడని డెబ్బై పెట్టెలు కావాలన్నారు. కినుయే పొద్దుటినుంచి సాయంత్రం దాకా డెబ్బై జారుముళ్లు వేసింది. చివరికి చెల్లెలికి తను కొన్న పట్టుబట్ట పెట్టెకి తాడు చుట్టింది. మనసు పెళ్లి మీదే ఉంది. వేళ్లు మాత్రం పురిటి మీదే ఉన్నాయి. డెబ్బై ఒకటో జారుముడి పడింది.

పెళ్లిలో కానుకల బల్ల దగ్గర పెళ్లికొడుకు తల్లి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇది పురిటి ముడిలా ఉందే! చెల్లెలికి పెళ్లి మళ్లీ మళ్లీ జరగాలనా, అక్కగారూ?"

ఒక్కసారి వంగితే సరిపోయేది. చెయ్యని తప్పుకే నాలుగు పెట్టెలు పంపగల మనిషి. కానీ ఆ వేళ, ముడుల్లో తనని మించినవాళ్లు లేరని పేరు పడ్డ మనిషి, బంధువులందరి మధ్యా తలెత్తి, "ముడి ఎలా ఉంటేనేం, లోపలున్నది చూడండి" అంది. తెల్ల ముసుగు కింద సాయో తల ఇంకా కిందికి వాలింది.

రెండేళ్లకి ఆ మొగుడు ఒసాకాలో ఇంకో సంసారం పెట్టాడు. సాయో సంచి సర్దుకుని తిరిగొచ్చి, మూలకొట్టు గుమ్మంలోనే నిలబడి, "నీ ముడి వల్లేనక్కా" అంది.

"ముడి వల్ల కాదు, నీ మూతివిరుపుల వల్ల" అంది కినుయే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట ఆమె నోట్లో అప్పటికే తయారుగా ఉంది.

సాయో గుమ్మం లోపలికి అడుగు పెట్టకుండానే వెళ్లిపోయింది. ఇజుమోలో గుడి దగ్గర చిన్న సేమియా కొట్టు పెట్టుకుంది. నల్ల గోధుమ సేమియా వండి, మూడు అంతస్తుల గిన్నెల్లో పెడుతుంది. చిన్న రైలెక్కితే గంట దూరం. ఆ గంట దూరం ఇద్దరికీ ముప్ఫై ఆరేళ్లు పట్టింది. తండ్రి చావుకి ఇద్దరూ ఒకే గదిలో కూచుని, ముక్కూ మొహం తెలియనివాళ్లలా ఒకరికొకరు వంగి లేచారు. మాటలు తెగినా కొత్త సంవత్సరం కార్డులు మాత్రం తెగలేదు. ఏటా ఒకటో తారీకు పొద్దున అక్కడిది ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి. అచ్చు గుద్దించిన మంచిమాట తప్ప చేత్తో రాసిన అక్షరం ఒక్కటి ఉండేది కాదు. అయినా కినుయే ఆ కార్డులన్నీ యోకాన్ డబ్బాలో వరస తప్పకుండా దాచింది. చూడనట్టు చూశాను.

ఈ ఆకులు రాలే కాలంలో, కొత్త సంవత్సరానికి ఇంకా రెండు నెలలుండగానే సాయో దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దళసరి కవరు, బంగారు అంచు. పెళ్లి పిలుపు. పెళ్లికూతురు సాయో, వయసు అరవై ఏడు. పెళ్లికొడుకు ఎయిసుకే, డెబ్బై ఒకటి, చిన్న రైలు నడిపి రిటైరైన డ్రైవరు.

తకుబో కవరు తిరగేసి చూసి బల్ల మీద కొట్టి నవ్వాడు. "కినుయేగారూ, మీ ముడి పనిచేసిందండీ! మళ్లీ జరగాలని కట్టారు, మళ్లీ జరుగుతోంది!"

కినుయే నవ్వలేదు. ఆ మధ్యాహ్నమంతా పెట్టెలు కడుతూ తలెత్తలేదు.

పిలుపుతో పాటు జవాబు కార్డు ఉంటుంది. వస్తాను, రాను అని రెండు మాటలు అచ్చేసి, వాటి ముందు, వచ్చేవాళ్ల పేరు ముందు మర్యాద మాటలు పెడతారు. మన గురించి మనమే మర్యాదగా చెప్పుకోకూడదు గనక ఆ మాటల మీద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి పంపాలి. ఇది తెలియక మర్యాద అలాగే ఉంచి పంపిన కుర్రకారుని కినుయే ఎంతమందిని తిట్టిందో! తన కార్డు మీద గీతలు ఆ రోజే కొట్టింది. కానీ వస్తాను అన్నదాని చుట్టూ సున్నా చుట్టలేదు, రాను అన్నదాని చుట్టూ చుట్టలేదు. త్రాసు పక్కన నిలబెట్టింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కార్డు కదల్లేదు. నెలాఖరు గడువు.

ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. క్షమించమని అడక్కుండా ఆ పెళ్లికి వెళ్తే ఆ బల్ల దగ్గర మళ్లీ అదే అక్క. వెళ్లకపోతే ఇంక ఈ జన్మకి చెల్లెలు లేనట్టే. డెబ్బై ఆరేళ్లకి ఇంకో పిలుపు కోసం ఎవరు ఎదురు చూస్తారు?

గడువుకి నాలుగు రోజులుండగా పొద్దున్నే వెళ్లి అడిగేశాను. "ఏం, కార్డుకి వేళ్లు మొలుస్తున్నాయా?"

"వెళ్దామనే ఉంది. ఏమనాలో కుదరడం లేదు" అంది.

"నీకా? కుదరడం లేదా? ఊరందరికీ చెప్తావు!"

అక్కడే ఉన్న తకుబో టీ కప్పు దించి, "నన్ను సాయో అనుకోండి. చెప్పండి చూద్దాం" అని స్టూలు మీద కాళ్లు మడిచి కూచుని, తలగుడ్డ ముసుగేసుకున్నాడు. ఆ మీసాల పెళ్లికూతుర్ని చూసి వెనక గదిలో ర్యోహే కూడా గరిటె ఆపాడు.

కినుయే వంగింది. ఎంత అందంగా వంగిందని! "ఆనాడు నా అజాగ్రత్త వల్ల తమకు కలిగిన అసౌకర్యానికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను. ఇకముందు ఇటువంటి పొరపాటు జరగకుండా..."

"ఇకముందా?" అన్నాడు తకుబో ముసుగు తీసేసి. "ఇంకెన్ని పెళ్లిళ్లు చేస్తారమ్మా ఆమెకి?"

"వెక్కిరించకండి."

"వెక్కిరించడం కాదు. బాగుంది. మరీ బాగుంది. రైలు ఆలస్యమైతే స్టేషన్లో మైకులో ఇలాగే చెప్తారు. మా అక్క వచ్చి నాకిలా చెప్తే చాప చుట్టి బయట పారేస్తాను." తలగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "నా చాపలు తడిపింది మీరు కాదు. అయినా నాలుగుసార్లు ఒప్పుకున్నారు. చెయ్యనిదానికి నడుం అంత వంగుతుందే, చేసినదానికి ఒక్కమాట రాదా?"

చాపలల్లేవాడికి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో! కినుయే మొహం తెల్లబోయింది. లోపలికి వెళ్లి తలుపు జరిపేసుకుంది. తకుబో హడలిపోయి నావైపు చూశాడు. "పెట్టె పట్టుకెళ్లి వంగమంటావా?"

"కొట్టు ఆమెదే, పెట్టె ఎవరి దగ్గర కొంటావు? నోరు మూసుకుని ఇంటికి పో" అన్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున ఏడింటికి కినుయే బూడిదరంగు కిమోనో కట్టుకుని, బట్టలో చుట్టిన పెట్టె పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. కార్డు నడికట్టులో దోపి ఉంది. "నువ్వూ రా. మధ్యలో దిగిపోతానేమో" అంది.

రెండు పెట్టెల రైలు సరస్సు ఒడ్డు వెంటే వెళ్తుంది. పడవల్లో ఆల్చిప్పలు దేవుతున్నారు. కినుయే కిటికీలోంచి వాళ్లనే చూసింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని, తాడు కొసలు సర్దుతూ, మళ్లీ సర్దుతూ కూచుంది. రెండు స్టేషన్ల దగ్గర లేచి నిలబడింది. రెండుసార్లూ చెయ్యి పట్టి కూలేశాను.

సాయో కొట్టుకి ఆ రోజు సెలవు. చూరుకి తొక్క తీసిన పండ్ల దండలు ఎండుతున్నాయి. తలుపు జరిపిన సాయో మమ్మల్ని చూసి గడపలోనే మోకాళ్ల మీద కూచుని వంగింది.

"ఇంత దూరం నుంచి వచ్చారు. అలిసిపోయి ఉంటారు. లోపలికి దయచేయండి."

సొంత చెల్లెలు 'దయచేయండి' అంటే ఎలా ఉంటుందో కినుయే వీపు చూస్తే తెలిసింది. చెప్పులు విప్పి, వాటి ముక్కులు వాకిలి వైపు తిప్పి పెట్టింది. లోపల చాప మీద కూచుంది. పెట్టె ముందుకి జరిపి, రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు చాపకి తాకించింది.

"ఆనాడు నా అజాగ్రత్త వల్ల తమకు..."

ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. నుదురు చాప మీదే ఉంది. సాయో కదల్లేదు.

"అజాగ్రత్త కాదే" అంది చివరికి కినుయే, చాపకే చెప్తున్నట్టు. "నేను చూశాను. పెళ్లి మండపం గుమ్మంలో బట్ట విప్పినప్పుడే చూశాను, జారుముడని. లాగితే విడిపోయేది. క్షణం పని. తాడుంది, చేతులున్నాయి. కానీ పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు అక్కడే నిలబడి చూస్తున్నారు. మూలకొట్టు కినుయే చెల్లెలి కానుకకే ముడి తప్పేసిందని నవ్వుతారనుకున్నాను. ఎవరు చూస్తారులే అని చెయ్యి అడ్డం పెట్టుకుని పట్టుకెళ్లాను. నీ పెళ్లి కన్నా నా పేరు పెద్దదైపోయింది. అదీ నేను చేసింది."

ఇన్నేళ్లూ ఎదురుకొట్టులో ఉన్నాను, ఆ సంగతి నాకు కూడా చెప్పలేదు.

సాయో ముందుకి జరిగి పెట్టె మీద చెయ్యి వేసింది. తరవాత చిన్న గొంతుతో, "నాకు తెలుసక్కా" అంది.

కినుయే తలెత్తింది.

"ముసుగు కింద నుంచి నాకు నీ చేతులే కనపడ్డాయి. ముడి మీద కప్పుకుని పట్టుకొచ్చావు. అమ్మ పోయాక నా తలకి దెబ్బ తగిలినప్పుడల్లా అలాగే కప్పేదానివి. తప్పు ముడి వేస్తే వేశావు, చూసి కూడా వదిలేశావే అనేదే నా కడుపుమంట. అది నీ నోటితో ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లు! ఇంత మొండిదానివేంటే?"

"నువ్వు అడగొచ్చు కదే!"

"నేనెందుకు అడుగుతాను? నేను నీ చెల్లెల్ని. మొండితనం ఎవరి దగ్గర నేర్చుకున్నాననుకున్నావు?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వబోయి, ఒక్కసారే ఏడ్చారు. నేను పండ్ల దండలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"ఇంకోటి కూడా చెప్తాను" అంది సాయో ముక్కు తుడుచుకుంటూ. "ఆ మొగుడు ఎందుకూ పనికిరాడని నాకు పెళ్లిచూపుల్లోనే తెలుసు. తెలిసీ చేసుకున్నానని ఎవరితో చెప్పుకోను? ముడి దొరికింది. దాని మీద వేశాను."

"నువ్వు నా ముడి మీద వేశావు, నేను నీ మూతి మీద వేశాను."

"మూతివిరుపులు అన్నావు కదూ! అది మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు."

అంతలో పెరటి తలుపు తీసుకుని ఎయిసుకే వచ్చాడు, చంకలో ముల్లంగి దుంపలతో. కంగారుపడి, దుంపలు చంకలో ఉండగానే వంగబోతే మూడూ జారి చాప మీద దొర్లాయి. పదకొండేళ్లు ప్రతి గురువారం ఆ కొట్టుకి వచ్చి మూడంతస్తులూ తిని, మాట్లాడకుండా వెళ్లేవాడట. పోయిన వేసవిలో ఒక గురువారం తిన్నాక కూడా లేవలేదట. "ఇంకో గిన్నె కావాలా అన్నాను. 'గిన్నె కాదు' అన్నాడు. ఆ రెండు మాటలకి పదకొండేళ్లు పట్టింది ఈయనకి" అంది సాయో.

"రైలు టైముకే వచ్చిందండీ. సిగ్నలే పడలేదు" అన్నాడు ఎయిసుకే, చెవులదాకా ఎర్రబడి.

సాయో పెట్టె విప్పి, యోకాన్ ముక్కలు కోసి, ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "బావగారు ఇంకా ఇంత తీపే వేస్తున్నారా?"

"పనికిరానిదే లేవే" అని, కినుయే నడికట్టులోంచి కార్డు తీసింది. సాయో కలమే అడిగి తీసుకుని, వస్తాను అన్నదాని చుట్టూ సున్నా చుట్టి చేతికిచ్చింది. పోస్టులో పంపాల్సిన కార్డు చేతికివ్వడం మర్యాద కాదని ఆ పూట ఆమెకి గుర్తు రాలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

తిరుగు రైలెక్కేటప్పటికి కినుయే చేతిలో సేమియా కట్టలు, ఎండు పండ్లు, మూడు ముల్లంగి దుంపలు. పుచ్చుకున్నవాటికి మళ్లీ ఏం పంపాలా అని ఆమె ఆలోచించకపోవడం నా జన్మలో మొదటిసారి చూశాను. కాళ్లు బారజాపి, కాసేపు తనలో తనే నవ్వుకుని, నావైపు తిరిగింది.

"రేపు మళ్లీ వెళ్తున్నాను. దాని పెళ్లి కిమోనోకి మెడపట్టీ కుట్టాలి. మూడు రోజులుంటాను. ఆయన వెనక గదిలోంచి బయటికి రాడు. కొట్టులో నువ్వు కూచోవాలి."

"నా ఊరగాయలో?"

"తకుబోని కూచోబెట్టు. విను. ఎవరో ఒకరు వస్తారు, ఫలానా తప్పు చేశాం, ఏ పెట్టె పట్టుకెళ్లాలి అంటారు. నీ నోరు నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను. తిట్టకు, నవ్వకు, పెట్టె వెంటనే దించకు. స్టూలు వేసి కూచోబెట్టి, టీ పొయ్యి. ఏం చేశారో, అది చూసి కూడా ఎందుకు వదిలేశారో, ముందు నీతో అంతా చెప్పించు. చెప్పాకే తాడు కట్టు."